తుంటి ఎముకతో కట్టిన దవడ

తుంటిలోంచి ఎముక తీసి దవడకు అతికించారని చెబితే మా అలియాబాద్ బస్తీలో సగం మంది ఇప్పటికీ నమ్మరు. నోటికి ఆపరేషన్ అయిన మనిషి కుంటుతాడేమిటని అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. అసలే అది కోతలు పడ్డ నోరు. అందుకని ఒక్కసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నాను. ఇక ఎవరైనా అడిగితే ఈ కాగితాలు చేతిలో పెడతాను, తీరిగ్గా చదువుకుంటారు. ఇలాంటి జబ్బు ఇంకెవరికైనా వస్తే వాళ్లు నాలాగా చేయకుండా ఉంటారన్నది రెండో కారణం. ధైర్యం చెప్పడానికి రాస్తున్నానని మాత్రం అనుకోకండి. ఆ పని చేయగలిగేంత శాంతం నాకింకా రాలేదు.

మేము కంసాలులం. మా వైపు అవుసలోళ్లు అంటారు. నేను, మా తమ్ముడు వీరాచారి ఒకే కుంపటి ముందు కూర్చుని పనిచేస్తాం. చుట్టుపక్కల ఇళ్లవాళ్ల పుస్తెలు, మెట్టెలు, కమ్మలు మా దగ్గరే చేయించుకుంటారు. పెద్ద దుకాణాల వాళ్లు కూడా అప్పుడప్పుడు పని పంపిస్తారు. మా పనికి చేతులెంత ముఖ్యమో నోరూ అంతే ముఖ్యం. ఇత్తడి ఊదుగొట్టాన్ని పెదవుల మధ్య పట్టి, బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో పీలుస్తూ నోటితో ఆపకుండా ఊదాలి. గాలి ఒక్క క్షణం తెగినా మంట వంగిపోతుంది, అతుకు చెడిపోతుంది. మా బాపు నాకు నేర్పిన మొదటి పని అదే. ఇంటికి పెద్దవాణ్ని కాబట్టి కరిగించే పనంతా నాదే.

ఎనభై ఆరులో, బోనాలకు ముందు, కింది ముందు పళ్ల దిగువన చిన్న ఉబ్బు కనిపించింది. నొప్పి లేదు. నొప్పి లేని దానికి దవాఖానా ఎందుకని లవంగం నూనె రాశాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. బోనాలు అయిపోయాయి, ఉబ్బు పోలేదు. వినాయక చవితి నాటికి పళ్లు కదలడం మొదలుపెట్టాయి. నా భార్య సుశీల పోరు పడలేక నగరంలోని ఒక పెద్ద సర్కారు దవాఖానాకు వెళ్లాను. అక్కడ ఎక్స్‌రే తీసి, దవడ ఎముకలో నురగ కట్టినట్టు ఖాళీలున్నాయన్నారు. అది క్యాన్సర్ కాదట. కానీ లోపలి నుంచి ఎముకను తినేసే గడ్డట, ఉంచితే పాకుతూనే ఉంటుందట. క్యాన్సర్ కాదన్న మాట విని సుశీల అక్కడే దండం పెట్టింది. తర్వాతి మాటలు ఆమె వినలేదు, నేను విన్నాను. ముందు పళ్లన్నీ, వాటి కింది ఎముకా కలిపి తీసేయాలి.

దసరా దాటాక తీసేశారు. గడ్డం ఆకారం పోకుండా కింది అంచు మాత్రం సన్నగా ఉంచారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే కింది పెదవి లోపలికి కుంగిపోయి, మా నాయనమ్మ చివరి రోజుల్లో ఎలా ఉండేదో అలా ఉన్నాను. అప్పటికి నాకు నలభై నిండలేదు. పుండు మానాక కుంపటి ముందు కూర్చుని గొట్టం నోట్లో పెట్టుకున్నాను. పెదవికి వెనక ఆనిక లేదు. గాలంతా పక్కల నుంచి పోయింది తప్ప గొట్టంలోకి పోలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. వీరాచారి నా చేతిలోంచి గొట్టం తీసుకుని తాను ఊదాడు. వాడు మంచికే చేశాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

పెట్టుడు పళ్లు చేయించుకుంటే సరిపోతుందన్నారు కొందరు. చేయించుకున్నాను. కూర్చోవడానికి కింద గట్టు లేకపోతే పళ్లు ఎక్కడ కూర్చుంటాయి? మాట్లాడితే జారేవి, తుమ్మితే ఊడిపడేవి. ఒకరోజు బేరమాడుతున్న ఒకామె ముందు చేతిలో పడ్డాయి. ఆమె పాపం చూడనట్టు మొహం తిప్పుకుంది. ఆ రోజే వాటిని డబ్బాలో వేసి అటక మీద పారేశాను.

అప్పుడు ఆ దవాఖానాలోని డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. గుంటూరు వైపు మనిషి, పై చదువుకు విదేశం వెళ్లొచ్చింది. తుంటి దగ్గరి ఎముక కొంత తీసి దవడ మీద పెడితే కొన్ని నెలలకు అది దవడలో కలిసి గట్టులా నిలుస్తుందని, ఆ గట్టులో చిన్న చిన్న లోహపు మేకులు దించి వాటి మీద పళ్లు బిగించవచ్చని చెప్పింది. మేకుల పని ఇక్కడ కొత్తే, ఆమె చేసింది కొద్దిమందికే. ఏ లోహమని అడిగాను. టైటానియం అంది. నేనెప్పుడూ ముట్టని లోహం. మేలిమి బంగారంతో నేనే చేసిస్తాను, మీరు దించండి అన్నాను. ఆమె నవ్వి, ఎముకకు బంగారం మోజు లేదండీ, అది దీన్నే పట్టుకుంటుంది అంది. నా బంగారాన్ని కాదనిపించిన ఆ లోహం మీద నాకప్పుడే చిన్నచూపు కలిగింది. అయినా ఒప్పుకున్నాను. మళ్లీ ఊదగలిగితే చాలు, ఏ లోహమైతేనేం.

ఆ దవాఖానా వసారాలోని బెంచీల గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకుని కూర్చుంటే పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. పిలిచే మనిషి తలుపు సందులోంచి ఒక్కసారే పిలుస్తాడు. పలికితే సరే, లేకపోతే చీటీ అడుక్కి పోతుంది. మొదటి ఆపరేషన్ అయిన కొత్తలో నన్ను మాట్లాడొద్దన్నారు, ఎట్లా పలకాలి? చెయ్యెత్తితే వాడు చూడడు. రెండుసార్లు నా వంతు అట్లా పోయింది. మూడోసారి నా పక్కన కూర్చున్న ఒకామె, గుడిమల్కాపూర్‌లో పూలు అమ్మేదట, నా అవస్థ కనిపెట్టి మార్కెట్ గొంతుతో ‘ఉన్నడు, ఈడనే ఉన్నడు’ అని అరిచింది. వసారా మొత్తం తిరిగి చూసింది. ఆమె దవడకు కూడా కట్టు ఉంది, అరిస్తే ఎంత నొప్పి పుట్టి ఉంటుందో. పేరైనా అడగలేదు నేను.

ఎనభై ఏడు శివరాత్రి తర్వాత తుంటి ఎముక తీసి పెట్టారు. మత్తు దిగాక దవడ కంటే తుంటి ఎక్కువ బాధపెట్టింది. మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి, దగ్గితే ప్రాణం పోయినట్టుండేది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ సుశీలను పక్కన కూర్చోబెట్టి మరీ చెప్పింది. నమలొద్దు. మాటలు తగ్గించాలి. గట్టిగా ఉమ్మొద్దు. బీడీ ముట్టొద్దు. స్ట్రా పెట్టి పీల్చొద్దు. అన్నిటికీ తలూపాం, అన్నీ తు.చ. తప్పకుండా పాటించాం. పాలు, మజ్జిగ, పలుచటి జావ, పప్పు కట్టు, ఇదే తిండి. జొన్న రొట్టె వాసన వస్తే ఇంట్లోంచి లేచి వీధిలోకి వెళ్లిపోయేవాణ్ని.

మా సందు చివర మల్లయ్య బర్రెలు పెట్టుకున్నాడు. పాలు పోసేది అతనే. నేను పాల మీదే బతుకుతున్నానని తెలిసిన దగ్గర్నుంచి రోజూ పాలు కాచి, చల్లార్చి, మీగడ తునకలు కుట్ల దగ్గర ఇరుక్కోకుండా పలుచటి గుడ్డలో వడగట్టి తానే తెచ్చేవాడు. సుశీల ఎంత చెప్పినా వినేవాడు కాదు. ఒక అవుసలివాడి కోసం పాలవాడు పాలు వడగట్టడం నేనెక్కడా చూడలేదు. అట్లాంటి మనిషి ఉగాది దాటాక వచ్చి గడప దగ్గర చతికిలబడ్డాడు. వైశాఖంలో బిడ్డ పెళ్లి పెట్టుకున్నాడు, పుస్తెకు బంగారం తెచ్చాడు. వీరాచారి చేస్తాడని సుశీల చెప్పింది.

“చేసుడు వీరన్ననే చేయనీ వదినె,” అన్నాడు మల్లయ్య. “కరిగిచ్చేటప్పుడు అన్న ఊపిరి తాకితె సాలు. మా అవ్వ పుస్తె వీళ్ల తాత కరిగిచ్చిండు, నా ఇంటిదాని పుస్తె వీళ్ల బాపు కరిగిచ్చిండు. నా బిడ్డకు వచ్చేసరికి పెద్దోని చెయ్యి పడకపాయె అంటె మా ముసల్ది తిండి ముట్టది.”

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఇది మల్లయ్య చాదస్తం కాదు. పుస్తె బంగారం మంచి గడియ చూసి కరిగిస్తారు. కుంపటికి పసుపు కుంకుమ పెడతారు, పెళ్లికూతురి తల్లి దగ్గరుండి చూస్తుంది. మొదటి ఊపిరి ఇంటి పెద్ద కంసాలిదే. అది మా మర్యాద, వాళ్ల నమ్మకం.

నేను సుశీల వైపు చూశాను. ఆమె డాక్టరమ్మ చెప్పినవన్నీ వేళ్ల మీద లెక్కబెట్టుకుంది. నమలొద్దు, ఉమ్మొద్దు, పీల్చొద్దు.

“ఊదొద్దని అయితె చెప్పలే,” అంది.

చెప్పలేదు నిజమే. మాకు ఊదడం అంటే దవడతో చేసే పని అని ఎప్పుడూ తోచలేదు. అది ఊపిరి, అంతే. పీల్చొద్దన్నారు, మేము పీల్చం. మా విద్యలో పీల్చేది ముక్కుతో.

కొంచెం ఊది తమ్ముడికి ఇద్దామనే కూర్చున్నాను. పెదవికి ఆనిక దొరికింది. పళ్లు లేకపోయినా లోపల గట్టు ఉంది. గొట్టం నిలబడింది, గాలి సూటిగా పోయింది, బొగ్గు ఎర్రబడింది. అన్ని నెలల తర్వాత నా మంట నా మాట విన్నది. వీరాచారి చెయ్యి చాచాడు, నేను ఇవ్వలేదు. మూసలో బంగారం నీరై అద్దంలా మెరిసేదాకా నేనే ఊదాను. మల్లయ్య భార్య కళ్లొత్తుకుంది. నా జబ్బు మొదలైన దగ్గర్నుంచి నేను సంతోషంగా ఉన్నది ఆ కాసేపే. దాన్ని తలచుకుంటే ఇప్పుడు కూడా సంతోషమే ముందు వస్తుంది, కోపం తర్వాత వస్తుంది.

ఆ సాయంత్రమే నోట్లో ఉప్పగా తగిలింది. తెల్లారి గడ్డం ఉబ్బింది. అదే సమయానికి ఊళ్లో ఏదో లొల్లి జరిగి కర్ఫ్యూ పెట్టారు. సందు మొగ దాటనివ్వలేదు. జ్వరం, చీము, నోట్లో కుళ్లు వాసన. సడలించాక రిక్షాలో దవాఖానాకు చేరేసరికి కుట్లు విచ్చుకున్నాయి. డాక్టరమ్మ కడుగుతుంటే పళ్లెంలో ఎముక ముక్కలు పడ్డాయి, బియ్యం చెరిగితే మిగిలే నూకల్లా. నా తుంటిలోంచి తీసిన ఎముక అది. దాని కోసం నేను కుంటుతున్నాను.

ఏం తిన్నారు అని అడిగింది. ఏమీ తినలేదన్నాను. బీడీ? ముట్టలేదు. మరి ఏం చేశారు? ఏమీ చేయలేదు, ఎప్పటిలా పని చేసుకున్నానంతే అన్నాను. ఏం పని అంది. బంగారం పని అని మొదట్లోనే చెప్పాను కదా అని విసుక్కున్నాను. నా విసుగు ఆమెకు తగిలినట్టుంది. ఎలా చేస్తారో చూపించమంది. పిడికిలిని గొట్టంలా చేసి పెదవులకు ఆనించి, బుగ్గలు పూరించాను.

“ఆపండి,” అంది గట్టిగా. కుర్చీలో వెనక్కి వాలింది. “మీరు నగల దుకాణంలో కూర్చుని తూకం వేస్తారనుకున్నానండీ ఇన్నాళ్లూ. అంత గాలి నోట్లో బిగబడితే కుట్లు ఎలా ఆగుతాయి? స్ట్రా కూడా వద్దని చెప్పానే, పీల్చడమే వద్దంటే ఊదడం అసలే వద్దని మీకు తోచలేదా?”

తోచలేదు. నా పని ఏమిటో ఆమెకు తోచలేదు, ఆమె మాటకు అర్థం ఏమిటో నాకు తోచలేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరు కోపంగా చూసుకుంటూ కూర్చున్నాం. ఆమెను తిట్టుకోవడానికి నాకు కారణం దొరకలేదు, అదే నన్ను ఇంకా మండించింది. కాబట్టి ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. డాక్టరు చేయొద్దన్నవి విని ఊరుకోకండి. మీరు రోజూ ఏం చేస్తారో, ఒంట్లో ఏ భాగంతో చేస్తారో వాళ్లకు చేసి చూపించండి. వాళ్లు అడగకపోయినా చూపించండి.

ఇంట్లో అసలు గొడవ అప్పుడు మొదలైంది. సుశీల మల్లయ్య పాలు మాన్పించింది. అతను గిన్నె పట్టుకుని వస్తే తలుపు తీసేది కాదు. ఊదొద్దని చెప్పలేదన్నది తనేనని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, అందుకే ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. మల్లయ్య మాత్రం పాలగిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయేవాడు. సాయంత్రానికి అది విరిగిపోయి ఉండేది. బిడ్డ పెళ్లికి మమ్మల్ని పిలవడానికి వచ్చినప్పుడు ఆమె వంటింట్లోంచి బయటకు రాలేదు. నేను వెళ్లాను. పెళ్లికూతురి మెడలో పుస్తె చక్కగా మెరుస్తోంది. దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల అవి సంతోషపు కన్నీళ్లే అనుకుని ఉంటుంది.

డాక్టరమ్మ వెంటనే మళ్లీ చేయనంది. ముందు పుండు పూర్తిగా మానాలి, చిగురు గట్టిపడాలి, ఆ తర్వాతే చూద్దామంది. ఎన్నాళ్లు అంటే చెప్పలేనంది. వానాకాలమంతా నెలకోసారి వెళ్లి నోరు తెరిచి చూపించి రావడమే నా పని. కుంపటి ముందు కూర్చోవద్దని ఈసారి స్పష్టంగా చెప్పింది, తమ్ముణ్ని కూడా పిలిపించి చెప్పింది. నేను ఏళ్లుగా కూర్చున్న పీట మీద వాడు కూర్చుంటే నేను గడప దగ్గర కూర్చుని తీగె మెలిపెట్టేవాణ్ని, రాళ్లు ఏరేవాణ్ని. వచ్చినవాళ్లు నన్ను దాటి వాడి దగ్గరికి వెళ్లేవాళ్లు. అన్నా బాగున్నవా అని మాత్రం అడిగేవాళ్లు.

ఒకరోజు దవాఖానా నుంచి వచ్చేసరికి కుంపటి పక్కన గ్యాసు బుడ్డి, దానికి రబ్బరు గొట్టం, గొట్టం చివర చేత్తో పట్టే మంట మూతి, కింద గాలి కోసం కాలితో తొక్కే తిత్తి ఉన్నాయి. వీరాచారి నన్ను అడగలేదు. ఒక్కణ్ని ఎంతసేపని ఊదాలి, నా ఊపిరితిత్తులు కాలిపోతున్నయి అన్నాడు. నిజమే, వాడొక్కడే ఇద్దరి పని చేస్తున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నేను బతికుండగానే నా ఊపిరికి బదులు తెచ్చిపెట్టావా అని అనేశాను. ఆ మాట అన్నాక రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

ఎనభై ఎనిమిది మొదట్లో, ఇంకా చలి ఉండగానే, రెండోవైపు తుంటి నుంచి ఎముక తీశారు. దాంతో రెండు కాళ్లూ సమానంగా కుంటుపడ్డాయి. ఈసారి నేను కొవ్వొత్తి కూడా ఆర్పలేదు. జావ వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చున్నాను. సుశీల తనంతట తానే ఒకరోజు గిన్నె తీసుకుని మల్లయ్య ఇంటికి వెళ్లి పాలు తెచ్చింది. వడగట్టి ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

బోనాలప్పటికి ఎముక పట్టిందని ఎక్స్‌రే చూసి చెప్పింది డాక్టరమ్మ. మేకులు దించింది, వాటి మీద చిగురు మూసింది. మళ్లీ నెలలు ఆగాలంది. ఆగడంలో నన్ను మించినవాడు ఈ నగరంలో లేడని అప్పటికి తేలిపోయింది. చలికాలం చివర చిగురు తెరిచి, కొలతలు తీసి, పళ్లు బిగించింది. చిన్న సుత్తిలాంటి దానితో మేకు మీద తట్టి ఆ చప్పుడు విని సంతోషపడింది. గట్టిదానికీ డొల్లదానికీ చప్పుడులో తేడా నాకు తెలుసు, అది గట్టి చప్పుడే. ఇక ఊదవచ్చా అని అడిగాను. కొన్నాళ్లాగి, ఇంకో ఎక్స్‌రే తీసి, ఊదండి అంది. ఆమె నవ్వితే నాకూ నవ్వొచ్చింది. ఆ దవాఖానాలో నేను నవ్వడం అదే మొదలు.

మొన్న ఉగాది ముందు పీట మీద కూర్చున్నాను. పాత ఖాతాదారు ఒకాయన కమ్మలు అతికించమని తెచ్చాడు. గొట్టం పెదవికి ఆనించుకున్నాను. ఆనిక ఉంది, పళ్లున్నాయి, గట్టుంది. కానీ పెదవికి గొట్టం తెలియలేదు. ఆపరేషన్లలో అక్కడి నరం పోయిందని, కింది పెదవి మొద్దుబారి ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. తింటున్నప్పుడు మెతుకు అంటుకుంటే సుశీల చెబితేనే తెలిసేది నాకు. అది గొట్టం దాకా వస్తుందని నేను ఆలోచించలేదు. ఊదాను. మంట లేచింది, ఊగింది. గొట్టం పక్కకు జరిగినా నాకు తెలియడం లేదు. పెదవి మూల నుంచి ఎంగిలి కారింది, అదీ తెలియలేదు. బొగ్గు మీద పడి చుయ్‌మన్నప్పుడు తెలిసింది. ఖాతాదారు తన కమ్మల వైపు చూసుకున్నాడు. ఈ పనికి గ్యాసు మంటే మంచిదని చెప్పి వీరాచారి చప్పున తిత్తి తొక్కాడు. నా పరువు కాపాడటానికే. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను.

ఆ మధ్యాహ్నం సుశీల జొన్న రొట్టెను అలవాటు ప్రకారం తుంచి మజ్జిగలో నానబెట్టి పెట్టింది. పళ్లెం పక్కకు నెట్టి, ఎండు రొట్టె చేతికి తీసుకుని ముందు పళ్లతో కొరికాను. నాలో ఉన్న కోపమంతా పెట్టి కొరికాను. చిరిగి వచ్చింది. మళ్లీ కొరికాను. దవడ కదల్లేదు, మేకు కదల్లేదు. సుశీల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. కడుపు నిండేదాకా తిన్నాను. రెండు తుంటులు, రెండున్నరేళ్లు పోసి సంపాదించింది ఇదీ అనిపించింది. తక్కువదని అనను. నేను అడిగింది మాత్రం ఇది కాదు.

చేయి కడుక్కుంటుంటే వీరాచారి వెనక వచ్చి నిలబడ్డాడు.

“తొక్కుకుంట మంట పట్టుకుంటుంటె నా చెయ్యి అదురుతుంది అన్నా,” అన్నాడు. “నేను తొక్కుత. మంట నువ్వు పట్టు.”

వాడి చెయ్యి అదరదు. అది నాకు తెలుసు. అయినా మర్నాటి నుంచి ఇద్దరం అట్లాగే కూర్చుంటున్నాం. పని బాగానే వస్తోంది, ఖాతాదారులు తేడా లేదంటున్నారు. మంట నా చేతిలో ఉంటుంది, ఊపిరి మాత్రం వాడి కాలిది. మంటను పెంచాలనిపించినప్పుడు ఇప్పటికీ నా బుగ్గలు వాటంతటవే పొంగుతాయి. వాడు చూస్తాడు, గట్టిగా తొక్కుతాడు.